ఎలపటి కన్ను

రామ్‌దాస్ నోట కుడి, ఎడమ అనే మాటలు రావు. తెలియక కాదు. అన్నం తినేది కుడిచెయ్యి అని ఎవరికి తెలియదు? చేతుల వరకు ఆ మాటలు సరిపోయేవి. చేతులు దాటి ఇంక దేనికైనా ఆయనకు ఉన్నవి రెండే వైపులు: దాపట, ఎలపట. బండి మీద కూర్చుని తోలేవాడికి ఎడమ పక్క కట్టినది దాపటెద్దు, కుడి పక్క కట్టినది ఎలపటెద్దు. రుద్రూర్ దగ్గరి తమ ఊరి నుంచి బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు బండి తోలినన్నాళ్ళూ ఆయన లోకం ఆ రెండు ఎడ్ల మధ్యనే నడిచింది. తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది, ఎడ్లు అమ్ముడుపోయాయి, బండి చక్రాలు కొట్టం గోడకు ఆనుకుని తుప్పుపట్టాయి. మాట మాత్రం ఎటూ పోలేదు. పెళ్ళిలో ఫోటోలు తీసే పిల్లగాడు "కొంచెం ఎడమకు జరుగు పెద్దయ్యా" అంటే ఆగి, మనసులో ఎడ్లను కట్టి చూసుకుని, అప్పుడు జరిగేవాడు. ఈలోగా ఫోటో అయిపోయేది.

ఈ కథలో కష్టం ఆయనది, కడుపుమంట ఆయన భార్య లింగవ్వది. పెళ్ళైన కాడి నుంచి ఆమె ఆయన దాపటనే నడిచింది. బోధన్ అంగడిలోనైనా, పొలం గట్టు మీదైనా ఆయన ఎడమ భుజం పక్కనే ఆమె తల కనిపించేది. "నువ్వు నా దాపటెద్దువే" అని ఆయన నవ్వేవాడు. "నిజంగ ఎద్దునే అయితే ఎప్పుడో అమ్ముకుంటుంటివి" అని ఆమె మూతి తిప్పుకునేది. ఆ ముచ్చటలో వాళ్ళిద్దరికీ ఏం సరదా ఉండేదో కానీ, వినీ వినీ ఊళ్ళో వాళ్ళకు మాత్రం విసుగు పుట్టింది.

ఆయన కుడి కన్ను మసకబారింది. మొదట పొగలో చూసినట్టుందన్నాడు, తర్వాత తెల్లచీర అడ్డం కట్టినట్టుందన్నాడు, ఆ తర్వాత ఆ కన్ను సంగతి మాట్లాడటమే మానేశాడు. ఎడమ కన్ను బాగానే పనిచేసేది. వయసుకు తగ్గట్టు దాంట్లోనూ కొంచెం పొర పట్టింది కానీ, మనిషి మొహం చూసి పేరు పెట్టి పిలిచేవాడు, గట్టు మీద పాము కనిపిస్తే ఆగేవాడు. ఆ ఒక్క కంటితో సంసారం సాఫీగా సాగుతోంది. రుద్రూర్ బడిలో కంటి క్యాంపు పెట్టారనీ, బస్సులో తీసుకుపోయి ఆపరేషన్ చేసి మళ్ళీ దింపుతారనీ తెలిసినప్పుడు, వెళ్దామని పట్టుబట్టింది లింగవ్వే.

బడి ఆవరణ నిండా జనం. పక్కన జనరేటరు ఒకటే మోత. ఆడవాళ్ళనూ తోడు వచ్చినవాళ్ళనూ తాడు కట్టి అవతలే నిలబెట్టారు. రామ్‌దాస్ వంతు వచ్చినప్పుడు బల్ల దగ్గర కూర్చున్న యువకుడు మొహానికి మాస్కు వేసుకుని ఉన్నాడు. అతను చెడ్డవాడేం కాదు. ఇలాంటి కథలో చెడ్డవాడు ఒకడుంటే మనకు తిట్టుకోవడానికైనా వీలుండేది. మర్యాదగానే అడిగాడు.

"ఏ కన్ను కనిపించట్లేదు, పెద్దాయనా?"

"ఎలపటిది."

"ఎడమదా?"

"ఆఁ" అన్నాడు రామ్‌దాస్.

జనరేటరు మోతలో, మాస్కు చాటున, ఆయనకు వినబడింది ముందున్న 'ఎ' ఒక్కటే. మిగతాది తన మాటే అనుకున్నాడు. అతనికి వినబడిందీ అంతే. ఎవరికి తెలిసిన మాట వాళ్ళు పూర్తి చేసుకున్నారు. లోపల డాక్టరు టార్చి వేసి చూసి, రెండు కళ్ళకూ పొర ఉందనీ, ఎక్కువ ఇబ్బంది పెడుతున్న దానికి ముందు చేద్దామనీ చెప్పి, చీటీ వైపు చూశాడు. చీటీలో ఎడమ అని ఉంది.

ఆపరేషన్ నిజామాబాద్ ఊరి చివరి ప్రైవేటు కంటాసుపత్రిలో. తెల్లారగానే క్యాంపు నుంచి వచ్చిన వాళ్ళందరినీ నడవాలో బల్లల మీద వరసగా కూర్చోబెట్టారు. ఒక పిల్ల వచ్చి చీటీలు చూసుకుంటూ ఒక్కొక్కరి కనుబొమ్మ మీద ఆకుపచ్చ పట్టీ అంటించి, చుక్కల మందు వేసి పోయింది. చకచకా చేసుకుపోయింది. ఎవరినీ ఏమీ అడగలేదు, ఎవరూ ఏమీ చెప్పలేదు. అందరినీ బాపూ, అవ్వా అని పిలిచింది కాబట్టి పేర్లతో పని పడలేదు.

పట్టీ రామ్‌దాస్ ఎడమ కనుబొమ్మ మీద ఉంది. పక్కనే కూర్చున్న లింగవ్వ అది చూసింది.

"ఏందయ్యా, గిది మంచి కన్ను గదా? దీని మీద పెట్టిండ్రేంది?" అంది వంగి, మెల్లగా. "నేను వొయ్యి అడుగుతా."

ఆయన ఆమె చెయ్యి పట్టి ఆపాడు. "పిచ్చిదానా. ఇత్తనం సెరుకుకు ముడెందుకేస్తం?"

ఆ ఒక్క మాటతో ఆమె కూర్చుండిపోయింది. ఎందుకంటే అది ఆమెకు పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి తెలిసిన సంగతి. చెరుకు కొట్టే ముందు, విత్తనానికి ఉంచుకునే సాళ్ళ మొదట్లో ఆకులు ముడేసి పెడతారు. ముడి ఉన్న సాలును కోత కూలీలు ముట్టకుండా దాటిపోతారు. నాందేడ్ వైపు నుంచి వచ్చే కూలీలకు మన మాట రాకపోయినా ఆ ముడి సంగతి తెలుసు. గురుతు పెట్టారంటే దాన్ని ముట్టొద్దని అర్థం. మంచి కంటికి గురుతు పెట్టారు, పొరపాటున దాని మీద చెయ్యి వెయ్యకుండా. ఎంత జాగ్రత్త గల మనుషులో అనుకుంది లింగవ్వ. అట్లా అనుకున్నందుకు తర్వాత తన తలను తాను ఎన్నిసార్లు గోడకు కొట్టుకుందో ఆమెకే తెలుసు. "నువ్వు సప్పుడు సెయ్యకు. గంత పెద్ద డాక్టరుకు తెల్వదా?" అని ఆయన ఇంకొక మాట కూడా అన్నాడు. ఆ మాట అనకపోయినా ఆమె అప్పటికే ఒప్పుకుంది.

లోపల జరిగింది ఆయన తర్వాత చెప్పాడు, ఒక్కసారే. మళ్ళీ ఎన్నడూ చెప్పలేదు. పడుకోబెట్టి సూది పట్టుకొచ్చారు. సూది దాపట కంటి పక్క గుచ్చబోతుంటే ఆయన ఉలిక్కిపడి అన్నాడు.

"సారూ, ఎలపటిది. ఎలపటిది."

"అవునవును, ఎడమదే" అంది మాస్కు వెనక నుంచి ఒక గొంతు, ఓదార్పుగా. "భయపడకు. మాట్లాడకు. కదిలితే కన్ను పోతుంది."

కదిలితే కన్ను పోతుందంటే ఎవరు కదులుతారు? ఆయన రాయిలా పడుకున్నాడు. మొహం మీద బట్ట కప్పారు. బట్టకు బెజ్జం దాపట ఉంది. ఆ బెజ్జంలోంచి వెలుగు, నీళ్ళు, ఏవేవో రంగులు. పెదవి విప్పలేదు. బయటికి తీసుకొస్తూ వాళ్ళలో ఒకరు అన్నారట: "ఈ పెద్దాయనలా అందరూ పడుకుంటే ఎంత బాగుండు." ఆ మెప్పు మాట కూడా ఆయన లింగవ్వకు చెప్పాడు. చెప్పి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

బస్సు దిగి ఇల్లు చేరాక నొప్పి మొదలైంది. కట్టు కింద కన్ను ఉబ్బి, చీము కారింది. లింగవ్వ అన్న కొడుకు నరేందర్ రుద్రూర్‌లో ఆటో నడుపుతాడు. అతను ఇద్దరినీ ఎక్కించుకుని మళ్ళీ నిజామాబాద్ పరుగెత్తించాడు. సూదులు వేశారు, హైదరాబాద్ పంపారు, అక్కడ ఇంకా సూదులు వేశారు. చివరికి చీము మెదడుకు పాకకుండా ఉండాలంటే ఇంక వేరే దారి లేదని కన్ను తీసేశారు. ఎలపటి కంటిలో తెల్లచీర అట్లాగే వేలాడుతోంది. దాపటి కన్ను ఉన్నచోట గుంట మిగిలింది.

నిజామాబాద్ ఆసుపత్రికి తిరిగిపోయి, ఆపరేషన్ చేసిన డాక్టరు ఎదుట లింగవ్వ నిలబడింది. ఆమె అరవలేదు. అరుస్తుందేమోనని నరేందర్ భుజం పట్టుకున్నాడు కానీ అవసరం పడలేదు.

"గా కన్ను గాదు గద సారూ. మేం వచ్చింది దానికి గాదు గదా."

డాక్టరుకు జాలి లేకపోలేదు. కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. "రెండు కళ్ళకూ పొర ఉందమ్మా" అన్నాడు. "ఇవ్వాళ కాకపోతే రేపైనా ఆ కంటికి చెయ్యాల్సిందే. ఇన్ఫెక్షన్ అనేది ఎవరికైనా రావచ్చు. అది మన చేతిలో లేదు."

"ముందు చెయ్యాల్సింది అటుపక్కది గద సార్" అన్నాడు నరేందర్. "మంచిగ కనబడే దాన్ని ఎందుకు ముట్టిండ్రు?"

"ఆయన్ను అడిగే చేశాం బాబూ. ఎడమదా అంటే ఆఁ అన్నాడు. థియేటర్‌లో కూడా చెప్పాడట. మేమైతే అడగకుండా ఎవరికీ చెయ్యం."

అడిగారు, నిజమే. ఆఁ అన్నాడు, అదీ నిజమే. అబద్ధం చెప్పిన మనిషి ఒక్కడూ లేడు, కన్ను మాత్రం లేకుండా పోయింది. తిట్టిపోయడానికి నాలుక చివర ఎన్నో మాటలున్నా, ఎవరి మీద పోయాలో తెలియక లింగవ్వ అన్నీ మింగేసి ఇంటికొచ్చింది. అవి ఇప్పటికీ ఆమె కడుపులోనే ఉన్నాయి. ఊళ్ళో వాళ్ళు వచ్చి తలరాత అన్నారు. తలరాత అన్నవాళ్ళకు ఆమె చాయ్ కూడా పొయ్యలేదు.

ఆ తర్వాత రామ్‌దాస్ మనిషి మారిపోయాడని చెప్తే సరిపోదు. ఆయన రెండు మాటలు మానేశాడు. దాపట అనలేదు, ఎలపట అనలేదు. ఏదైనా కావాలంటే "గటు", "గిటు" అని చెయ్యి ఊపేవాడు. అటేదో ఇటేదో ఎదుటివాళ్ళు చూసుకోవాలి. లింగవ్వ పాత అలవాటున ఆయన ఎడమ పక్కన నడిస్తే, పక్కన మనిషి ఉన్నట్టే తెలియక నిలబడి "ఏడున్నవే?" అని పిలిచేవాడు. అందుకని ఆమె కుడి పక్కకు మారింది. అటువైపు కనీసం ఆమె నీడైనా ఆ తెల్లచీర మీద ఆడేది. దాపట అలవాటైన ఎద్దును ఎలపట కడితే అది నడక కుదరక మెడ విరుచుకుంటుంది. లింగవ్వకూ ఆ నడక కుదరలేదు. రోజూ కనీసం ఒకసారి ఇద్దరి కాళ్ళూ ఒకదానికొకటి తగిలేవి. ఆయన నవ్వుతాడేమోనని ఆమె చూసేది. నవ్వలేదు.

రెండో కంటికి ఆపరేషన్ చేయిస్తే చూపు వచ్చే ఆశ ఉందని హైదరాబాద్ డాక్టర్లు అప్పుడే చెప్పారు. నరేందర్ ఆ సంగతి ఎత్తినప్పుడల్లా రామ్‌దాస్ లేచి తడుముకుంటూ కొట్టంలోకి పోయి, బండి చక్రం మీద చెయ్యేసుకుని కూర్చునేవాడు.

"మామా, వేరే దవఖాన. వేరే డాక్టరు" అనేవాడు నరేందర్.

"గీ మసకన్న ఉండనీ. గిది గూడ పోతే నాకు పగలేదో రాత్రేదో తెల్వది" అనేవాడు ఆయన.

ఆ మాట కాదనడం ఎవరికి చేతనవుతుంది? లింగవ్వ కూడా బతిమాలడం మానేసింది. నిజం చెప్పాలంటే ఆమెకూ భయమే. ఆ ఒక్క కన్నునూ ఇంకొకళ్ళ చేతిలో పెట్టాలంటే ఆమెకు మనసొప్పలేదు. అట్లా ఒక ఏడాది తిరిగిపోయింది. తెల్లచీర రోజురోజుకూ మందమైంది. చివరికి ఆయనకు వాకిట్లో ఎండ ఉందో లేదో ఒక్కటే తెలిసేది.

చెరుకు ఏపుగా పెరిగిన కాలంలో ఒక సాయంత్రం లింగవ్వ నీళ్ళు మళ్ళించడానికి తోటకు పోయింది. కాలువ గట్టు తడిగా ఉండి కాలు జారింది. చీలమండ మెలిపడి పడింది. లేవబోతే కళ్ళు బైర్లు కమ్మాయి. కేక వేసింది. చెరుకు తోటలో కేక ఎటు నుంచి వస్తోందో కళ్ళున్నవాళ్ళకే సరిగా తెలియదు. వాళ్ళ ఇల్లు తోట పక్కనే కాబట్టి రామ్‌దాస్‌కు వినబడింది. కర్ర పట్టుకుని సాళ్ళను తడుముకుంటూ వచ్చాడు.

"ఏడున్నవే?"

"గీడనే. కాలువ మీద. దాపటకు రా" అంది ఆమె. చాలా రోజుల తర్వాత ఆ మాట ఆమె నోట వచ్చింది.

ఆయన దాపటకే తిరిగాడు. కానీ ఆకుల గలగలలో ఎంత దూరమో అందలేదు. ఆమె పడి ఉన్న చోటు నుంచి చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఆయన పాదాలు దాటి ముందుకు పోయాయి. పోయి, ఆమెకు వీపు తిప్పి నిలబడి, చెరుకు వైపు మొహం పెట్టి "లింగవ్వా, పలుకే" అని పిలుస్తున్నాడు. మసక వెలుతురులో ఆ వీపు చూస్తుంటే ఆమెకు పలకడం రాలేదు. పాక్కుంటూ పోయి ఆయన కాలు పట్టుకుంది.

ఆ ఏడు తోటల్లో అడవి పందుల బెడద ఎక్కువగా ఉంది. కాలికి ఏదో తగలగానే రామ్‌దాస్ కర్రెత్తి బలంగా కొట్టాడు. దెబ్బ ఆమె మోచేతి మీద పడింది. రెండోసారి కర్ర ఎత్తాడు. "అయ్యా, నేనే" అన్న గొంతు విని కర్ర వదిలేసి అక్కడే బురదలో కూలబడ్డాడు. ఆమె మొహం తడిమి, చెయ్యి తడిమి, దెబ్బ తగిలిన చోటును రెండు చేతులతో పట్టుకున్నాడు. పెళ్ళైన కాడి నుంచి ఆయన ఆమె మీద చెయ్యెత్తింది లేదు.

"రెండోది నీ నెత్తి మీద పడుతుండె" అన్నాడు.

"పడలే గదా" అంది లింగవ్వ.

మర్నాడు పొద్దున ఆయనే అన్నాడు. "నరేందర్‌ను పిలువు. పోదాం."

నిజామాబాద్‌లో డాక్టర్లందరూ ఉండే ఖలీల్‌వాడిలో ఒక ఆసుపత్రి చూశాడు నరేందర్. పరీక్షలు చేసిన డాక్టరమ్మ ఏదీ దాచలేదు. పొర బాగా ముదిరిందనీ, లోపలి నరం ఎంత బాగుందో పొర తీస్తే కానీ తెలియదనీ, చూపు రావచ్చు రాకపోవచ్చుననీ చెప్పింది. లింగవ్వ ఆ రాత్రి ఒక్క ముద్ద మింగలేదు. చీలమండకు గుడ్డ చుట్టుకుని, ఉబ్బిన మోచేతిని ఒళ్ళో పెట్టుకుని, తెల్లవార్లూ ఆయన మంచం కుడి పక్కన కూర్చుంది.

పొద్దున్నే షాజియా అనే నర్సు వచ్చింది. బోధన్ పిల్లేనట. ఎత్తైన మనిషి. మాటలో తొందర లేదు. స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుని, మొహం మీది మాస్కు కిందికి దించింది. లింగవ్వ ఆ మాస్కు దించడం చూసింది.

"బాపూ, మీ పేరు చెప్పుండ్రి."

"కాయితంల లేదా?" అన్నాడు రామ్‌దాస్ ముభావంగా.

"ఉంది. మీ నోటితోని చెప్పాలె."

చెప్పాడు. తండ్రి పేరు కూడా అడిగితే చెప్పాడు. ఎందుకొచ్చారని అడిగింది. కన్ను కోసమన్నాడు.

"ఏ కన్ను?"

ఆయన నవ్వాడు. ఏడాది తర్వాత నవ్విన నవ్వు అది.

"ఒక్కటే ఉంది గద బిడ్డా. గిప్పుడు తప్పుదామన్నా ఏడికెల్లి తప్పుతరు?"

షాజియా ఆ గుంట వంక చూసింది. దానికి ఏం జరిగిందో డాక్టరమ్మ చెప్పే ఉంటుంది, లేకపోతే ఊహించే ఉంటుంది. పక్క మంచం దగ్గర ఎవరో పిలిచారు, ఆమె లేవలేదు.

"అయినా చెప్పాలె బాపూ. ఒక్కటే ఉన్నా అడుగుత. రెండున్నా అడుగుత. ఏ కన్ను?"

రామ్‌దాస్ మొహం బిగుసుకుంది. దవడ కదిలింది. ఏడాదిగా ఆయన నోట రాని మాట అక్కడ ఎదురుచూస్తోందని లింగవ్వకు తెలిసింది. రానివ్వడేమో అనుకుంది.

"ఎలపటిది" అన్నాడు.

షాజియా చేతిలో పెన్ను ఆగింది. ఆమె ఏమీ రాయలేదు. తనకు తెలిసిన మాటతో దాన్ని పూర్తి చేసుకోలేదు. ముందుకు వంగి, మామూలుగా, చాయ్‌లో చక్కెర ఎంత వెయ్యాలని అడిగినట్టు అడిగింది.

"అంటే ఏంది బాపూ?"

లింగవ్వ మంచం కోడు పట్టుకుంది. ఇంతేనా? ఒక కన్ను ఖరీదు ఇంతేనా? ఆ పిల్లకు ఆ మాట అనడానికి ఎంతసేపు పట్టింది? ఏడాది పాటు ఎవరిని తిట్టాలో తెలియక మింగిన మాటలన్నీ ఒక్కసారి గొంతులోకి ఎగదన్నాయి. ఆ పిల్ల మీద కోపం కాదది, ఆ పిల్ల ఇంత ఆలస్యంగా దొరికినందుకు కోపం. ఆమె నోరు తెరిచి, కుడి కన్ను బిడ్డా, కుడి కన్ను అని చెప్పబోయింది. షాజియా చెయ్యి ఎత్తి ఆపింది.

"మీరు ఆగుండ్రి అవ్వా. బాపునే చెప్పనియ్యుండ్రి."

రామ్‌దాస్ బండి తోలేవాడిలా నిటారుగా కూర్చున్నాడు. తర్వాత రెండు చేతులూ ముందుకు చాపి, పగ్గాలు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"కాడి కింద రెండెడ్లుంటయి గద బిడ్డా. ఎనక కూసొని తోలేటోనికి గీ పక్కది దాపట." ఎడమ చెయ్యి ఎత్తి ఖాళీ గుంట మీద అరచెయ్యి మూశాడు. "గిది పోయింది." తర్వాత కుడి చెయ్యి ఎత్తి, చూపుడు వేలు కుడి కంటి కింద ఆనించాడు. "గిది ఎలపట. గిది ఉన్నది."

"గా వేలు అట్లనే ఉంచుండ్రి" అంది షాజియా. ఆయన వేలికి పైన, కనుబొమ్మ మీద పెన్నుతో బాణం గుర్తు గీసింది. పెన్ను తగలగానే ఆయన తల వెనక్కి గుంజుకున్నాడు.

"గురుతెందుకు? ముట్టద్దనా?"

"కాదు బాపూ. గురుతు ఉన్న కంటికే ఆపరేషన్ చేస్తరు. సమజైందా? గురుతు ఎందుకు పెట్టినమో ఇప్పుడు మీరు నాకు చెప్పుండ్రి."

నడవాలో తోపుడు మంచం చప్పుడు దగ్గరవుతోంది. లింగవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. రామ్‌దాస్ బడిపిల్లగాడిలా, ఒక్కొక్క మాటే, జాగ్రత్తగా అప్పజెప్పాడు.

"గురుతు పెట్టింది ముట్టద్దని గాదు. కొయ్యనీకి."

"మంచిది" అని షాజియా రాసుకుంది.

మనుషులు వచ్చి ఆయనను తోపుడు మంచం మీద పడుకోబెట్టారు. లింగవ్వ కుంటుకుంటూ కుడి పక్కన నడిచింది. తలుపు దగ్గర ఆయన ఆగమన్నట్టు చెయ్యి ఎత్తి, షాజియా గొంతు వినబడిన వైపు మొహం తిప్పాడు. ఆయన అన్న మాటలో కోపం లేదు. ఉంటే లింగవ్వ తట్టుకునేది.

"గప్పుడు అడిగినా చెప్తుంటి గద బిడ్డా."